12 వోల్ట్ ఇన్వర్టర్ చేశా, బల్బు పెట్టకముందే మాస్‌ఫెట్లు కాలిపోతున్నాయ్

సింగ్‌నగర్_కుర్రోడు:
అన్నలందరికీ నమస్తే. మాది విజయవాడ సింగ్‌నగర్, డిప్లొమా ఈసీఈ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు మీదపడ్డప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంట్ లేదు, ఫోన్లన్నీ చచ్చిపోయి డాబా మీద కూర్చున్నాం, అప్పట్నుంచీ ఒక బుల్లి ఇన్వర్టర్ నా చేత్తో నేనే చెయ్యాలని పట్టు. మొన్న గవర్నర్‌పేటలో సామాన్లు కొనుక్కొచ్చా, సీడీ4047 ఐసీ (ఆన్-ఆఫ్ పల్సులిచ్చే చిప్), ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్లు (కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేసే స్విచ్‌ల్లాంటివి) రెండు, 12-0-12 5 ఆంప్స్ ట్రాన్స్‌ఫార్మర్ తిరగేసి పెట్టా (12 వైపు ఇచ్చి 230 వైపు తీసుకునేలా), బ్యాటరీ 12 వోల్ట్ 7 ఏహెచ్. కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, దానికి 100కే ప్రీసెట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్). మల్టీమీటర్‌ని హెర్ట్జ్‌లో పెట్టి 13వ పిన్ దగ్గర సరిగ్గా 50 వచ్చేదాకా తిప్పా. అవుట్‌పుట్ వస్తోంది కానీ ఏ లోడూ లేకుండానే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది, బ్యాటరీ నుంచి 3 ఆంప్స్ లాగేస్తోంది, రెండు నిమిషాలకే మాస్‌ఫెట్ల మీద వేలు పెట్టలేకపోతున్నా. ఒకటి పోయింది కూడా. ఎక్కడ తప్పు చేశానో చెప్పండన్నా, మళ్ళీ కొనాలంటే ఇంట్లో డబ్బులు అడగలేను.

గుంటూరు_సోల్డర్:
డూప్లికేట్ మాస్‌ఫెట్లు అయ్యుంటాయ్ తమ్ముడూ, నాకూ ఓసారి అంటగట్టారు. హీట్‌సింక్ పెద్దది వేసి చూడు.

బ్రాడీపేట_మాస్టారు:
హీట్‌సింక్ తర్వాత సంగతి. 13వ పిన్ అన్నాడే, అక్కడుంది అసలు తిరకాసు. 4047లో 13 అనేది లోపలి ఆసిలేటర్ (పల్సులు పుట్టించే భాగం) సొంత అవుట్‌పుట్. అది లోపలే ఫ్లిప్‌ఫ్లాప్‌లోకి వెళ్ళి సగమై 10, 11 పిన్నుల మీదికి వస్తుంది, నీ మాస్‌ఫెట్ల గేట్లు (వాటిని ఆన్-ఆఫ్ చేసే కాళ్ళు) ఉన్నది వాటికే కదా. నువ్వు 13 దగ్గర 50 చూసి సంబరపడ్డావు, ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్తోంది మాత్రం 25. లెక్క కూడా చూసుకో, 10వ పిన్ మీద ఒక సైకిల్‌కి పట్టే టైమ్ 4.4 × ఆర్ × సీ (రెసిస్టర్, కెపాసిటర్ విలువలు). నీ ప్రీసెట్ ఊడదీసి కొలువు, 91కే దగ్గర్లో ఉంటుంది, దాన్ని 0.1 మైక్రోతో, 4.4తో గుణిస్తే 40 మిల్లీసెకన్లు. 50 హెర్ట్జ్‌కి కావాల్సింది 20, అంటే 45కే చిల్లర చాలు.

50 హెర్ట్జ్‌కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 25 ఇస్తే ప్రతి అరసైకిల్‌లోనూ వోల్టేజీ రెండింతల సేపు ఒకే వైపు తోస్తుంది, కోర్ సాచురేట్ అయిపోతుంది (లోపలి ఇనుము ఇంక అయస్కాంతం పట్టలేదు), ఆ క్షణం నుంచి వైండింగ్ ఒట్టి రాగి తీగే, బ్యాటరీని షార్ట్ చేసినట్టే. ఆ గుయ్యి అదే, ఆ వేడీ అదే.

రెండు గేట్ల నుంచీ సోర్స్‌కి (మాస్‌ఫెట్ మైనస్ వైపు కాలికి) 10కే రెసిస్టర్లు వేశావా? లేకపోతే ఐసీ తీసినప్పుడు గేట్లు గాల్లో వేలాడుతూ వాటంతటవే ఆన్ అయి కూర్చుంటాయి. ఇక టెస్ట్ చేసేటప్పుడు బ్యాటరీ ప్లస్ వైర్‌లో కారు ఇండికేటర్ బల్బు, 12 వోల్ట్ 21 వాట్ది, సిరీస్‌లో పెట్టు. ఆటోనగర్ వెళ్తే దొరుకుతుంది. ఎక్కడన్నా షార్ట్ అయితే బల్బు వెలిగి ఊరుకుంటుంది, మాస్‌ఫెట్ బతుకుతుంది.

సింగ్‌నగర్_కుర్రోడు:
మాస్టారూ మీకు దండం!! ప్రీసెట్ కొలిస్తే 90.6కే. ఇప్పుడు 10వ పిన్ దగ్గర 50 పెట్టా, ఆ మోత పోయింది, లోడ్ లేకుండా అర ఆంప్ కూడా లాగట్లేదు. 10కేలు వెయ్యలేదండీ, ఇప్పుడేశా. కానీ ఊరికే ఉన్నప్పుడు 240 చూపిస్తున్న మీటరు 60 వాట్ బల్బు పెట్టగానే 185కి పడిపోతోంది. 9-0-9 ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే పెరుగుద్దని ఒక వీడియోలో చూశా, మార్చేయనా?

ఆటోనగర్_వైండింగ్:
ఆగు బాబూ. ముందు నీ మీటర్ మాట నమ్మకు. మామూలు మీటర్లు సైన్ వేవ్ (ఇంటి కరెంట్‌లా నున్నగా ఊగేది) అనుకుని లెక్క కడతాయి, నీది స్క్వేర్ వేవ్ (ఒక్కసారిగా అటూ ఇటూ మారేది), 11 శాతం ఎక్కువ చూపిస్తాయి, 240 అంటే నిజంగా 216. ఇక 9-0-9, వోల్టేజీ పెరిగే మాట నిజమే కానీ 9 వోల్ట్ల సైన్‌కి చుట్టిన వైండింగ్ మీద 12 వోల్ట్ల స్క్వేర్ కొడితే ఫ్లక్స్ (కోర్‌లోని అయస్కాంత ప్రవాహం) ఒకటిన్నర రెట్లు, మళ్ళీ మొదటికొచ్చి గుయ్యిమంటావ్. అది పెట్టాలంటే రెండు మాస్‌ఫెట్లూ కాసేపు ఆఫ్‌లో ఉండే గ్యాప్ కావాలి, ఎస్‌జీ3525 లాంటి ఐసీ వాడి పల్స్ సన్నం చేసుకోవాలి, 4047 వల్ల అయ్యే పని కాదు.

నువ్వు చూడాల్సింది వైర్లు. 60 వాట్లంటే బ్యాటరీ వైపు 6, 7 ఆంప్స్. జంపర్ వైర్లతో చేశావా ఏంటి? లోడ్ మీద ఉండగా బ్యాటరీ దగ్గరొకసారి, సెంటర్ ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ) దగ్గరొకసారి కొలువు. ప్లస్ పక్కనే 10 ఆంప్ ఫ్యూజ్ వెయ్యి. ఇటు 12 వోల్టే కదా అని అటు అవుట్‌పుట్ వైపు చెయ్యి పెట్టకు, అక్కడ ప్రాణం తీసే కరెంటుంది.

గుంటూరు_సోల్డర్:
డూప్లికేట్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా 😄 కానీ తమ్ముడూ, నీ బాధ ఫోన్ ఛార్జింగే అయితే 12 డీసీని 230 ఏసీ చేసి, ఛార్జర్ మళ్ళీ దాన్ని 5 డీసీ చెయ్యడం ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది. కారు యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి బ్యాటరీకి నేరుగా పెట్టు, 12 వోల్ట్ ఎల్‌ఈడీ స్ట్రిప్ ఒక ముక్క వేలాడదియ్. 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) అనేది 20 గంటల లెక్కన, అంటే 0.35 ఆంప్స్ చొప్పున 20 గంటలు వాడితే వచ్చేది, 7 ఆంప్స్ లాగితే గంట కూడా రాదు.

సింగ్‌నగర్_కుర్రోడు:
జంపర్లేనండీ 🙈 బ్యాటరీ దగ్గర 12.1 ఉంటే సెంటర్ ట్యాప్ దగ్గర 10.3 వచ్చింది. పాత మోటార్ వైర్ లావుది ఉంటే తీసి సోల్డర్ చేశా, ఇప్పుడు అదే బల్బుకి 208. వైండింగ్ అన్న లెక్కన నిజంగా 187 అన్నమాట. ఫ్యూజ్ రేపు తెస్తా. యూఎస్‌బీ ఛార్జర్ అయితే మా బాబాయ్ ఆటోలోది పీకేశా, ఆయనకింకా తెలీదు.