మిస్చివస్సా, మిస్చీవియస్సా?

తాళపత్రం:
మా అమ్మాయి ఐదో తరగతి. నిన్న ఇంగ్లీషు మాట mischievousను ‘మిస్చీవియస్’ అంది. ‘మిస్చివస్’ అనాలమ్మా, మూడే సిలబుళ్లు, ఊనిక మొదటిదాని మీద అని దిద్దాను. ‘అయితే మా టీచరు తప్పా?’ అని మూతి ముడుచుకుంది. ‘వి’ తర్వాత ఐ అక్షరమే లేనప్పుడు ‘వియస్’ ఎక్కడి నుంచి వస్తుంది? నిఘంటువులన్నీ నా వైపే. ఇంట్లో మాత్రం ఎవరూ నా వైపు లేరు.

ఎదురీత:
టీచరును అంత తేలిగ్గా తీసేయకండి. ఐ చేర్చిన స్పెల్లింగు 16వ శతాబ్దం నుంచీ దొరుకుతోంది. పైగా సుమారు 1700 దాకా ఊనిక రెండో సిలబుల్ మీదే ఉండేది. అంటే ‘చీ’ని ఒత్తి పలకడమే పాత పద్ధతి. అమెరికా అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ కూడా ‘మిస్చీవియస్’ అన్నవాడే. అంతెందుకు, ‘చిహ్నం’లో ముందు హ, తర్వాత న పలికేవాళ్లు మనలో ఎంతమంది? అందరం ‘చిన్హం’ అనేవాళ్లమే కదండీ!

తాళపత్రం:
‘చిన్హం’ అని పలికినా ‘చిహ్నం’ అనే రాస్తాం. ఇక్కడ నోటి పొరపాటు రాతలోకీ దిగుతోంది. ప్రీవియస్, ఆబ్వియస్ లాంటి మాటల వరసలో పడి దీనికీ తోక మొలిచింది. ‘గ్రీవస్’ది కూడా ఇదే గతి. అందరూ ‘గ్రీవియస్’ అనేస్తున్నారు.

దస్తావేజు:
మీరిద్దరూ ఉచ్చారణ దగ్గరే ఆగిపోయారు. నేను కోర్టు కాగితాలు అనువదిస్తుంటాను, నా పేచీ అర్థంతో. కొత్తగా చేరిన ఒక కుర్రవాడు ఈ మాట కనబడగానే ‘చిలిపి’ అని రాసుకొచ్చాడు. పక్క పొలం కాలువకు గండి కొట్టినవాడు కాస్తా వెన్నదొంగ కృష్ణుడైపోయాడు!

దీని నామవాచకం ‘మిస్చిఫ్’. చట్టంలో దానికి అల్లరి అని అర్థం కాదు. నష్టం కలిగించాలనే ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసో ఆస్తిని పాడుచేయడం. భారత శిక్షాస్మృతిలో ఇది 425వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 324. సాగునీటిని అక్రమంగా మళ్లించడం కూడా ఇందులోకే వస్తుంది.

నిజానికి పాత అర్థాన్ని కాపాడుతున్నది చట్టమే. పాత ఫ్రెంచిలో ‘మెస్’ అంటే చెడు, ‘షెఫ్’ అంటే తల, కొస. అక్కడి ‘మెస్చెవర్’ అంటే పని చెడు కొసకు చేరడం, కీడు మూడడం. ‘అచీవ్’లో ఉన్నదీ ఆ తలే. తలపెట్టిన పని కొసకు చేరితే అచీవ్, తలకిందులైతే మిస్చిఫ్. (ఈ చమత్కారం నాది, ఫ్రెంచివాళ్లది కాదు.) 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ‘మిస్చివస్’కు దౌర్భాగ్యకరమైన, వినాశకరమైన అనే అర్థం. ఆటపట్టించే అల్లరి అనే అర్థం 1670లలో గానీ కనబడదు.

ఎదురీత:
బాగుంది. మరి ఆ కాగితంలో చివరికి ఏం రాయించారు?

దస్తావేజు:
‘నష్టం కలిగించే దురుద్దేశంతో’ అని. కుర్రవాడికి నచ్చలేదు. ‘చిలిపి’ అయితే ఒక్క మాటలో తేలిపోయేదట.

ఎదురీత:
తాళపత్రం గారూ, ఇంతకీ ఇంట్లో ఈ మాట ఎందుకొచ్చింది?

తాళపత్రం:
ప్రగతి పత్రంలో మా అమ్మాయి గురించి టీచరు రాశారు. చిలిపి అనే అర్థంలోనే అనుకుంటున్నాను. ఇప్పుడే మళ్లీ తీసి చూశాను. స్పెల్లింగులో ఐ చేర్చలేదు, సరిగ్గానే రాశారు.