కాలనీ లైబ్రరీలో పాత సోవియట్ రాకెట్ పోస్టర్ రీప్రింట్: పెట్టాలా, వద్దా?

కపిలతీర్థం రోడ్డు:
తిరుపతిలో మా కాలనీ లైబ్రరీ పిల్లల గదికి ఒక పెద్దాయన పోస్టర్ ఇచ్చారు. 1960 ప్రాంతపు సోవియట్ అంతరిక్ష పోస్టర్‌కు రీప్రింట్. ఎర్రటి ఆకాశం, వెండి రంగు రాకెట్, సూది ముక్కు, తోక దగ్గర మూడు రెక్కలు, పక్కన చెయ్యెత్తిన కుర్రాడు. బొమ్మ మాత్రం అదిరింది. కానీ కమిటీలో గొడవ మొదలైంది. శ్రీహరికోటను ఇంత దగ్గర పెట్టుకుని పరాయి దేశం ప్రచార బొమ్మ మనకెందుకని కొందరు. పెడితే పోయేదేముందని కొందరు. ఆదివారం మీటింగు. మీరేమంటారు?

సూళ్లూరుపేట బస్సు:
వద్దు. 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రోహిణి సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరిశీలించే చిన్న రాకెట్, లేచింది. 1979 ఆగస్టు 10న ఉపగ్రహాన్ని మోసే మన మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 ఐదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడింది. ఏడాది తిరక్కుండానే, 1980 జూలై 18న, అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది కదా? ఆ ఫోటో పెట్టండి.

మదనపల్లె పెన్షనర్:
బాబూ, పరాయి దేశమని అంత తేలిగ్గా అనేయకండి. మన మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న ఎగిరింది వాళ్ల కపుస్తిన్ యార్ ప్రయోగ కేంద్రం నుంచి, వాళ్ల రాకెట్ మీద. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లింది వాళ్ల సోయుజ్ నౌకలో. 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలు మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. నున్నగా, దళసరిగా, నోటు పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికే పుట్టినట్టుండేవి. లెక్కల పుస్తకం మీద, అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ నవ్వు మొహం పెట్టుకుని లెక్కలు తప్పినవాళ్లు కూడా మాలో ఉన్నారు. నా ఓటు పెట్టమనే.

ఫిజిక్స్ మాస్టారు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఆ పోస్టర్‌లోని రాకెట్ ఎప్పుడూ లేదు. 1957 అక్టోబర్ 4న 83.6 కిలోల మొదటి ఉపగ్రహం స్పుత్నిక్‌ను, 1961 ఏప్రిల్ 12న గగారిన్‌ను పైకి మోసినవి ఆర్-7 కుటుంబం రాకెట్లు. మధ్యలో ఒక పొడవాటి కోర్, దాని చుట్టూ శంకువుల్లాంటి నాలుగు బూస్టర్లు, కింద మంట చిమ్మే 20 పెద్ద నాజిళ్లు. తోక రెక్కల మీద నిలబడే రకం కాదు. ప్యాడ్ దగ్గర నడుం పట్టుకుని వేలాడదీస్తారు. అది క్షిపణిగా పుట్టింది కాబట్టి దాని రూపం రహస్యం. 1967లో పారిస్ ఎయిర్ షోలో పెట్టేదాకా జనం చూడలేదు. ఇక బొమ్మలు వేసేవాళ్లకు ఎవరు చూపిస్తారు? ఊహించి వేశారు. సూది ముక్కూ రెక్కలూ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన వీ-2 క్షిపణి పోలికే.

నిజంగా మొదట ఎగిరినవి ఇంత అందంగా ఉండవు. 1926 మార్చి 16న అమెరికాలో గొడ్డార్డ్ ఎగరేసిన మొదటి ద్రవ ఇంధన రాకెట్ చూస్తే సన్న గొట్టాల చట్రం. ఇంజిన్ పైన, ట్యాంకులు కింద! అలాగైతే నిటారుగా పోతుందని ఆయన నమ్మకం. రెండున్నర సెకన్లు ఎగిరి, 12 మీటర్ల ఎత్తుకు వెళ్లి, క్యాబేజీ తోటలో పడింది. దానికి ఫ్రేము ఎవరు కట్టిస్తారు?

నేనైతే పోస్టర్ పెట్టమంటాను. కింద ఒక చీటీ అంటించండి: ఇలాంటి రాకెట్ ఎగరలేదు, ఎందుకు ఇలా వేశారంటే, అని.

ఇద్దరు పిల్లల అమ్మ:
చీటీలు ఎవరు చదువుతారు మాస్టారూ? కొండ మీద క్యూలో అన్ని బోర్డులున్నాయి, చదివేవాళ్లను ఒక్కరిని చూపించండి. రాకెట్ ఆకారం సరే, దాచినవి ఇంకా ఉన్నాయి. 1957 నవంబర్‌లో పైకి పంపిన కుక్క లైకా కొన్ని గంటలకే వేడికి చచ్చిపోయింది. ఆ సంగతి 2002లో గానీ బయటికి రాలేదు. గగారిన్ క్యాప్సూల్‌లోంచి బయటపడి పారాచూట్‌తో విడిగా దిగాడు. క్యాప్సూల్‌తో దిగితేనే రికార్డు లెక్కకొస్తుందని, దాంతోనే దిగాడని చెప్పారు. ఆ రాకెట్లు కట్టించిన కొరొల్యోవ్ ఎవరో 1966లో ఆయన పోయాక గానీ జనానికి చెప్పలేదు. చెయ్యెత్తిన ఆ కుర్రాడు ఇందులో ఒక్కటీ చెప్పడు. మా పాప అడిగితే నేనేం చెప్పను?

ఫిజిక్స్ మాస్టారు:
ఇప్పుడు రాశారు చూడండమ్మా, అదే చెప్పండి. పోస్టర్ లేకపోతే పాప అడిగేదే కాదు.

ఫ్రేము అంగడి:
అన్నా, నేను ఫ్రేములు కట్టేవాణ్ని. మా అంగడికి వచ్చేవి ఎక్కువగా స్వామివారి పటాలే, అప్పుడప్పుడూ ఇలాంటివీ వస్తాయి. మీ పోస్టర్‌లో మడత గీతలు, మూలల్లో పసుపు మరకలు ఉన్నాయా? వేలితో తడిమి చూడండి. మడత చేతికి తగలకపోతే అదీ అచ్చులోదే. పాతదిలా కనబడాలని అలాగే ఉంచుతారు. రీప్రింట్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు. ఒరిజినల్ అని చెప్పి గుంజేవాళ్లుంటారు. పెద్దాయన ఎంత పెట్టి కొన్నారో మాత్రం అడక్కండి, బాధపడతారు. ఇంకోటి, కిటికీ ఎదురుగా వద్దు. మన ఊరి ఎండకు ముందు వెలిసేది ఎరుపే. మీ ఎర్రటి ఆకాశం గులాబీ రంగుకొస్తుంది.

చిత్తూరు పాతబస్టాండు:
తొలి రాకెట్లనగానే రష్యా, అమెరికా, జర్మనీయేనా? 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు సైన్యం మీద పడినవి మైసూరు రాకెట్లు. ఇనుప గొట్టంలో మందు కూరి, పొడవాటి వెదురుకు కట్టి వదిలేవారు. అప్పటి మైసూరు పాలకుడు హైదర్ అలీ 1782 డిసెంబర్‌లో కన్నుమూసింది మా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలోనే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన రాకెట్లు ఇంగ్లండు చేరాయి, వాటిని చూసే అక్కడి కాంగ్రీవ్ అనే ఆయన తన రాకెట్లు చేశాడు. అమెరికాలో నాసా వాలప్స్ కేంద్రంలో మైసూరు రాకెట్ల యుద్ధం బొమ్మ గోడకు ఉండడం చూసి కలాం గారు ఆశ్చర్యపోయారు. వాళ్లు పెట్టుకున్నారు, మనం పెట్టుకోం.

ఇద్దరు పిల్లల అమ్మ:
పిల్లల గదిలో యుద్ధం బొమ్మా?

చిత్తూరు పాతబస్టాండు:
వీ-2 మాత్రం ఏందమ్మా? లండన్ మీద వేసిందే కదా. దాన్ని తయారుచేయించడానికి ఖైదీలను సొరంగాల్లో పెట్టి వేల మందిని చంపారు. మీ పోస్టర్‌లో రాకెట్‌కు ఆ పోలికే ఉందని మాస్టారే చెప్పారు.

కపిలతీర్థం రోడ్డు:
సరే, మీటింగులో ఇలా అడుగుతా. పోస్టర్ కిటికీకి దూరంగా, లోపలి గోడకు. పక్కన ఆర్-7 ఫోటో, ఎస్‌ఎల్‌వీ-3 ఫోటో. మాస్టారి చీటీ పిల్లల కంటికి అందే ఎత్తులో, పెద్ద అక్షరాలతో. మైసూరు బొమ్మ పెద్దల గదిలో.

సూళ్లూరుపేట బస్సు:
ఎస్‌ఎల్‌వీ ఫోటో కూడా పోస్టర్ సైజులోనే ఉండాలి. పోస్టుకార్డంత ముక్క అంటించి మనదీ పెట్టాం కదా అంటే ఒప్పుకోను, మీటింగుకు వచ్చి మరీ అడుగుతా.