నా ఫోన్‌లో ఉన్న మీ నంబర్ ఎవరిది?

సీతమ్మధార కుర్రాడు:
సూటిగా అడుగుతున్నా. కొత్త యాప్ వేసుకోగానే కాంటాక్ట్స్ చూడొచ్చా అని అడుగుతుంది, మనం చదవకుండానే 'అలౌ' నొక్కేస్తాం. మన ఫొటోలు, మన లొకేషన్ ఇచ్చుకుంటే అది మన ఖర్మ. కానీ కాంటాక్ట్స్‌లో ఉన్నవి మనవి కావు కదా? అన్ని వందల మంది నంబర్లని, వాళ్లలో ఒక్కరినీ అడక్కుండా ఎవడికో అప్పజెప్పే హక్కు మనకెక్కడిది?

ఎందుకు అడుగుతున్నానంటే, మా అమ్మ అక్కయ్యపాలెంలో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆవిడది బటన్ల ఫోన్, ఏ యాప్‌లోనూ చేరలేదు. అయినా ఓ కాలర్ ఐడీ యాప్‌లో (ఫోన్ చేసేది ఎవరో పేరు చూపించేది) ఆవిడ నంబర్ కొడితే 'జాకెట్ల ఆంటీ అక్కయ్యపాలెం' అని వస్తోంది. ఎవరో కస్టమర్ తన ఫోన్లో అలా సేవ్ చేసుకుని ఉంటారు, ఆ లిస్టు మొత్తం యాప్‌కి ఎక్కిపోయింది. ఇప్పుడు ఏ పనికిమాలినవాడు రాంగ్ నంబర్ కొట్టినా ఎత్తేది ఆడమనిషి అనీ, ఏ ఏరియానో అనీ ముందే తెలిసిపోతోంది, తెలిశాక మళ్లీ మళ్లీ చేస్తున్నారు కూడా. కంపెనీని తిట్టడం తేలికే. అలౌ నొక్కింది మాత్రం మన వీధివాళ్లే.

గాజువాక ఏసీ మెకానిక్:
తమ్ముడూ, అమ్మగారి సంగతి వింటే బాధగానే ఉంది. కానీ నా వైపు నుంచి కూడా చూడు. నాకు పని వచ్చేదే తెలియని నంబర్ల నుంచి. ఎత్తకపోతే బేరం పోతుంది, ఎత్తితే లోన్ కావాలా అంటాడు ఒకడు, భోగాపురం ఎయిర్‌పోర్ట్ పక్కనే ప్లాట్లండీ అంటాడు ఇంకొకడు. ప్రచార కాల్స్ వద్దని 1909కి డీఎన్‌డీ పెట్టా, 140తో మొదలయ్యే ఆ కాల్స్ తగ్గాయి గానీ మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేసేవాళ్లని ఎవడాపుతాడు? మా బావమరిదికి సీబీఐ నుంచి అంటూ ఆ డిజిటల్ అరెస్ట్ కాల్, అదే ఫోన్లోనే అరెస్ట్ చేశామని బెదిరించి డబ్బు లాగేది, వచ్చింది, నువ్వు చెప్పే కాలర్ ఐడీ యాప్ వల్ల స్క్రీన్ మీద ఎర్రగా ఫ్రాడ్ అని పడబట్టి కట్ చేశాడు, లేకపోతే వాడి పిరికితనానికి ఉన్నదంతా పంపేసేవాడే. అందరూ తమ దగ్గరున్నది ఇస్తేనే ఆ ఎర్ర రంగు వస్తుంది. వినాయక చవితి చందా ఇవ్వను గానీ ప్రసాదం మాత్రం పెట్టండి అంటే ఎలా?

సీతమ్మధార కుర్రాడు:
అన్నా, అక్కడే రెండు వేరే సంగతులు కలిపేస్తున్నావు. ఫ్రాడ్ నంబర్ని రిపోర్ట్ కొట్టడానికి నీ కాంటాక్ట్స్ అక్కర్లేదు. ఆ దొంగ నంబర్ నీ కాంటాక్ట్స్‌లో ఎలాగూ ఉండదు. నీ లిస్టు ఎక్కిస్తే బయటపడేది నీ పాలవాడు, మీ అమ్మాయి ట్యూషన్ మేడమ్, మా అమ్మలాంటివాళ్లు. రిపోర్ట్ కొట్టు, నేనూ కొడతా, చందా అంటే అదీ.

ఇంకోటి. లోన్ యాప్‌ల గొడవ గుర్తుందా? అప్పు తీసుకున్నవాడు ఒకడు, బూతు మెసేజ్‌లు పడింది వాడి మేనత్తకీ, ఆఫీసు మేనేజర్‌కీ. అంతా కాంటాక్ట్స్ పర్మిషన్ మహిమే. చివరికి 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకే అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్ ముట్టుకోకూడదంది. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకి అదే కట్టడి పెట్టింది. మరి మిగతా యాప్‌లకి మనమెందుకు దోచిపెడుతున్నాం?

మధురవాడ వకీలు:
వినియోగదారుడి బాధ్యత అనే మాట నాకు కొంచెం భయం పుట్టిస్తోందండీ. ఆ మాట కంపెనీలకి భలే ఇష్టం. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల బెంచ్ పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, రూల్స్ నోటిఫై కావడానికి 2025 నవంబర్ దాకా పట్టింది, అందులోనూ కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు. ఆ చట్టం ప్రకారం సమ్మతి ఇవ్వాల్సింది ఆ డేటా ఎవరిదో వాళ్లు. మీ అమ్మగారి నంబర్‌కి కస్టమర్ నొక్కిన అలౌ సమ్మతి ఎలా అవుతుంది? అడగాల్సింది కంపెనీని. సొంత, ఇంటి అవసరానికి నంబర్ దాచుకున్న మనిషిని ఆ చట్టం అసలు పట్టించుకోదు, పట్టించుకోకూడదు కూడా. ఇంకో విచిత్రం చెప్పనా, తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా ఉన్న ఆ చట్టంలోనే తన విధులు తప్పిన మామూలు మనిషికి పది వేల దాకా జరిమానా ఉంది. ఇప్పటికే ఉన్నది చాలు, మనం ఇంకా నెత్తిన వేసుకోనక్కర్లేదు.

సీతమ్మధార కుర్రాడు:
వకీలు గారూ, నేను జరిమానా గురించి మాట్లాడట్లేదు. చట్టంలో తప్పు కాదు కాబట్టి పక్కింటావిడ నంబర్ పంచిపెట్టొచ్చు అంటారా?

మధురవాడ వకీలు:
పంచిపెట్టొచ్చు అనలేదండీ. మర్యాద వేరు, బాధ్యత వేరు అంటున్నా.

వన్‌టౌన్:
ఇవన్నీ సరే, జగదాంబ దగ్గర చెప్పుల షాపులో మొబైల్ నంబర్ చెప్పకపోతే బిల్లే రావట్లేదు. నంబర్లు ఎప్పుడో బజార్న పడ్డాయి, ఇప్పుడు తలుపులేసి ఏం లాభం.

మధురవాడ వకీలు:
చెప్పనక్కర్లేదు సార్. 2023 మే నెలలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నంబర్ కోసం పట్టుబట్టొద్దని షాపులకి చెప్పింది. కౌంటర్లో కుర్రాడితో గొడవ వద్దు, మేనేజర్ని పిలవమనండి, బిల్లు వస్తుంది.

ఎండాడ నుంచి:
మీరంతా మర్చిపోతున్న సంగతొకటి. 2024 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి సిఫారసు చేసింది, కాల్ చేసినవాళ్ల పేరు సిమ్ దరఖాస్తులో ఉన్నట్టే ఎదుటివాళ్ల ఫోన్లో పడాలని. ఎవరి కాంటాక్ట్సూ ఎక్కించక్కర్లేదు, మెకానిక్ గారి సమస్య తీరుతుంది, బాగుంది. కానీ రాత్రి షిఫ్ట్ అయ్యాక రుషికొండ నుంచి ఆటో అబ్బాయికి నేను ఫోన్ చేస్తే ఇంటిపేరుతో సహా నా పేరు వాడికెందుకు? క్యాబ్ యాప్‌లు కొన్ని అసలు నంబర్ కనపడకుండా కలుపుతున్నాయి కదా, అలా చేయడం చేతకాని పని కాదు. ఇక కాంటాక్ట్స్ సంగతి, ఐఫోన్‌లో 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి కావలసిన నంబర్లు మాత్రమే ఎంచి యాప్‌కి ఇవ్వొచ్చు. అమ్మాయిల పేర్ల పక్కన ఏరియా, ఆఫీసు రాసి సేవ్ చేసుకోవడం మానేస్తే అది ఇంకా మేలు. బాబూ, అమ్మగారి నంబర్ యాప్‌లోంచి తీసేయించారా?

సీతమ్మధార కుర్రాడు:
తీసేయమని పెట్టానండీ. ఆవిడ పేరు ఆవిడ తీయించుకోవడానికి కూడా ఆ నంబర్‌తోనే ఓటీపీ అడిగాడు! ఇప్పటికి పోయింది. రేపు ఇంకో యాప్ వస్తే మళ్లీ మొదలు.

గాజువాక ఏసీ మెకానిక్:
సరే తమ్ముడూ, కాంటాక్ట్స్ పర్మిషన్ తీసేసి చూశా, ఫ్రాడ్ అని చూపించడం ఆగలేదు, ఆ మాట వరకు నీదే కరెక్ట్. యాప్ మాత్రం తీయను. ట్రాయ్ చెప్పిన ఆ పేర్లు నా ఫోన్లో ప్రతి కాల్‌కీ పడిన రోజున ఆలోచిస్తా. ఇది టైప్ చేస్తుండగానే భోగాపురం ప్లాట్లవాడు చేశాడు.