ధ్రువ సముద్రాల్లో వృక్షప్లవకాలు ఒకచోట దట్టంగా, పక్కనే పలచగా ఎందుకుంటాయి?

ప్రశ్న

సముద్రపు రంగును బట్టి ఉపగ్రహాలు తయారుచేసే, వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల వంటి జీవులు) ఎక్కడున్నాయో చూపే క్లోరోఫిల్ పటాలను కొంతకాలంగా పరిశీలిస్తున్నాను. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్, ఫాస్ఫేట్ పుష్కలంగా ఉంటాయంటారు. అయినా వేసవిలో కూడా అందులో చాలా భాగం నీలంగానే ఉండి, కెర్గ్యులెన్, దక్షిణ జార్జియా దీవుల పరిసరాలు మాత్రం పచ్చబడతాయి. ఉత్తరాన ఆర్కిటిక్‌లో చుక్చీ, బారెంట్స్ సముద్రాలు పచ్చగా ఉంటే, అలాస్కా, కెనడాలకు ఉత్తరాన నీరు సుడిలా తిరిగే బోఫోర్ట్ సుడి ప్రాంతం దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. ఈ తేడాలకు ప్రవాహాలే కారణమా? మంచు తగ్గితే వెలుతురు పెరిగి ప్లవకాలూ పెరుగుతాయన్న మాట ఎంతవరకు నిజం?

మొదటి సమాధానం

దక్షిణం సంగతి చెబుతాను. అక్కడ ఎడతెగక వీచే పడమటి గాలులు పైనీటిని ఉత్తరానికి నెడుతూ ఉంటాయి కనుక, ఆ ఖాళీని పూరించడానికి శతాబ్దాలుగా చీకటిలో ఉన్న లోతు నీరు పోషకాలతో సహా పైకి వస్తుంది. అయితే ఆ నీటిలో నైట్రేట్‌కు తగినంత ఇనుము ఉండదు. ఇనుము నీటిలో ఎక్కువకాలం కరిగి నిలవదు, రేణువులకు అంటుకుని అడుగుకు చేరుతుంది. నేల మీది నుంచి వచ్చే ధూళి కూడా అక్కడ తక్కువే. సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1990 ప్రాంతంలో బలంగా వాదించిన విషయం ఇదే. 1999లో ఆస్ట్రేలియాకు దక్షిణాన సముద్రంలో ఇనుము కలిపి చూసినప్పుడు పెరిగిన ప్లవకాలు ఉపగ్రహ చిత్రాల్లోనూ కనిపించాయి.

మీరు చెప్పిన దీవుల రహస్యం కూడా ఇందులోనే ఉంది. అంటార్కిటికాను చుట్టి తిరిగే ప్రవాహం కెర్గ్యులెన్ పీఠభూమిని దాటేటప్పుడు అడుగు మట్టిలోని ఇనుము నీటిలో కలిసి, ప్రవాహం వెంట తూర్పుకు సాగుతుంది. పచ్చదనం దీవి చుట్టూ సమానంగా కాక ప్రవాహం పోయే దిక్కున తోకలా సాగడం గమనించండి.

ఇనుముతోనే కథ ముగియదు. పైనీరు ఉత్తరానికి ప్రయాణించే దారిలో డయాటమ్‌లు అనే ఏకకణ ప్లవకాలు తమ గాజు పెంకుల కోసం సిలికేట్ అనే మరో పోషకాన్ని వాడుకుంటూ పోతాయి. చల్లని అంటార్కిటిక్ నీరు ఉత్తరాన వెచ్చని నీటిని కలిసే ధ్రువ సరిహద్దు ప్రవాహం దాటేసరికి నైట్రేట్ మిగిలి ఉన్నా సిలికేట్ అడుగంటుతుంది. 2009లో భారత, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో జరిపిన లోహాఫెక్స్ ప్రయోగంలో ఇనుము చల్లినా డయాటమ్‌లు పెరగకపోవడానికి సిలికేట్ కొరతే కారణం.

రెండవ సమాధానం

ఆర్కిటిక్‌లో పరిస్థితి వేరు. అక్కడ సాధారణంగా కొరత పడేది నైట్రేట్. సుమారు 85 కిలోమీటర్ల వెడల్పు, 50 మీటర్ల లోతు మాత్రమే ఉన్న బేరింగ్ జలసంధి గుండా సెకనుకు దాదాపు పది లక్షల ఘనపు మీటర్ల పసిఫిక్ నీరు పోషకాలను మోసుకుని లోతులేని చుక్చీ సముద్రంలోకి వస్తుంది. 2011లో అక్కడ మంచు పలకల కిందే ప్లవకాలు విస్తారంగా పెరగడం పరిశోధకులను ఆశ్చర్యపరిచింది. బారెంట్స్ సముద్రానికి అట్లాంటిక్ నీరు ఆధారం. చలికాలంలో అది చల్లబడి కిందికి కలిసిపోవడం వల్ల లోతులోని పోషకాలు పైకి చేరుతాయి.

బోఫోర్ట్ సుడిలో గాలులు పైనీటిని మధ్యకు పోగుచేస్తాయి. నదుల నీరు, మంచు కరిగిన నీరు అక్కడ తేలికైన మూతలా పేరుకుని, నైట్రేట్ ఉన్న పొరను లోతుకు నొక్కేస్తుంది. పెద్ద డయాటమ్‌లకు బదులు మైక్రోమోనాస్ వంటి అతి చిన్న కణాలే అక్కడ రాణిస్తాయి. ఒక హెచ్చరిక: ప్లవకాలు పైన కాక లోతులో గుమిగూడిన చోట ఉపగ్రహానికి అవి కనిపించవు. మీ పటంలోని నీలాన్ని పూర్తి శూన్యంగా భావించకండి.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. అయితే మంచు కరగడం ఒకవైపు వెలుతురును ఇస్తూ, మరోవైపు పోషకాల దారిని మూస్తోందన్నమాట. నికరంగా ఏది గెలుస్తోంది?

మూడవ సమాధానం

ఒకే జవాబు లేదు. తేలికనీటి మూత కణాలను వెలుతురులో నిలుపుతుంది, అదే మూత అడుగు నుంచి పోషకాలను రానివ్వదు. అంటార్కిటికా తీరంలోని రాస్ సముద్రంలో నీరు లోతుగా కలిసే చోట ఫియోసిస్టిస్ అనే ప్లవకాలు, పలచటి పైపొర ఏర్పడిన చోట డయాటమ్‌లు ఎక్కువగా ఉండటం ఈ లెక్క ఫలితమే.

ఆర్కిటిక్ వరకు చూస్తే, 1998 నుంచి 2018 మధ్య ప్లవకాల ఉత్పత్తి సుమారు 57 శాతం పెరిగిందని ఉపగ్రహ ఆధారిత అంచనా. మొదటి దశాబ్దంలో ఆ పెరుగుదలకు ప్రధాన కారణం మంచు తగ్గి నీరు తెరుచుకోవడం. తరువాతి దశాబ్దంలో నీటిలో క్లోరోఫిల్ సాంద్రతే పెరిగింది. పోషకాలు కొత్తగా రాకుండా అది సాధ్యం కాదు కనుక, ప్రవాహాల వైపు చూడక తప్పదు. బోఫోర్ట్ సుడి లోపల మాత్రం ఈ పెరుగుదలను ఆశించలేము.