నార్వే పాత స్కీలు కొనొచ్చా? గుల్మార్గ్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

కోట జంక్షన్, విజయనగరం:
గత చలికాలం కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో బేసిక్ స్కీ కోర్సు చేశాను. గొండోలా (రోప్‌వే) ఎక్కి కిందకి జారడం కన్నా, మంచు మీద నడుస్తున్నట్టు పోయే క్రాస్ కంట్రీ పద్ధతే నాకు నచ్చింది. అందులో మడమ కట్టేసి ఉండదు, బాట లేని చోట కూడా పోవచ్చు. కానీ అక్కడ అద్దెకు దొరికేవి ఎక్కువగా దిగుడు స్కీలే. ట్రోండ్‌హైమ్‌లో చదువుతున్న మా పిన్ని కొడుకు ఒక పాత జత చూశాడు. ఫిషర్ యూరోపా 99, పొడవు 210 సెంటీమీటర్లు, స్టీలు అంచులు, మూడు పిన్నుల రొటెఫెల్లా బైండింగ్ (బూటు ముక్కుని స్కీకి పట్టి ఉంచేది). తోలు బూట్లతో కలిపి 600 క్రోన్లు, అంటే మనకి ఐదు వేలు దాకా. కొత్తవైతే బూట్లకే అంతకు రెండు మూడు రెట్లు పెట్టాలి. సంక్రాంతికి వస్తూ తెస్తానంటున్నాడు. కొనమనాలా, వద్దా? "విజయనగరంలో మంచెక్కడ్రా" అని ఇంట్లో ఇప్పటికే మొదలెట్టారు. ఆ ప్రశ్న ఇక్కడ వద్దు.

పలాస జీడి:
విజయనగరంలో మంచెక్కడ గురూ? సరే, ఆగాను. 210 అంటే సమతా ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ కన్నా పొడవు. ఢిల్లీ దాకా దాన్నెక్కడ పెడతావు?

సోంపేట సుబేదారు:
వద్దు బాబూ. నేను స్కీ నేర్చింది గుల్మార్గ్‌లోనే, సైన్యం 1948లో పెట్టిన స్కూల్లో. మన జిల్లా కుర్రాళ్ళు చాలామంది ఫౌజులో ఉన్నారు, ఎవర్నడిగినా ఇదే చెప్తారు. ఊరి దగ్గర సామాను విరిగితే నడిచి వచ్చేస్తావు. రోడ్డుకి ఏడెనిమిది కిలోమీటర్ల లోపల విరిగితే తొడల్లోతు మంచులో ఒక్కో అడుగూ పీక్కుంటూ రావాలి, సాయంత్రం నాలుగైతే చలి మొదలు. అక్కడ ప్రాణం మీదకొస్తుంది. ఐదు వేలకి కక్కుర్తి పడకు. ఇంకోటి, ఆ స్కీ నడుము, అంటే మధ్యలో వెడల్పు, 54 మిల్లీమీటర్లు. గుల్మార్గ్ పొడి మంచులో అది కత్తిలా దిగిపోతుంది.

రాజాం పిల్ల, ఓస్లో:
సుబేదారు గారూ, మీతో సగమే ఒప్పుకుంటాను. ఇక్కడ మా ఆఫీసులో సగం మంది తాతల నాటి స్కీల మీదే అడవుల్లోకి పోతారు. పాతవన్నీ ఒక గాటన కట్టకూడదు. పూర్తి చెక్క స్కీలైతే నేనూ వద్దనేదాన్నే. అడుగుకి పైన్ తారు కాల్చి పట్టించాలి, తడి మంచులో గడ్డలు అంటుకుంటాయి, అదో వ్రతం. 1974లో ఫాలూన్ ప్రపంచ పోటీల్లో స్వీడన్ వాడు థామస్ మాగ్నుసన్ ఫైబర్‌గ్లాస్ స్కీల మీద 30 కిలోమీటర్ల పందెం గెలిచాక పోటీల్లో చెక్క స్కీల పని అయిపోయింది. యూరోపా 99 ఆ తర్వాతి తరం, లోపల చెక్క, బయట ఫైబర్‌గ్లాస్. బాగా దాచిన జత ముప్ఫై ఏళ్ళైనా పనిచేస్తుంది.

అన్నా, మీ తమ్ముడితో ఇవి చూడమనండి. రెండు స్కీల అడుగులు ఎదురెదురుగా పెడితే మధ్యలో సందు కనిపించాలి. అదే కాంబర్, అది చచ్చిపోతే స్కీ పని ఐపోయినట్టే. ముక్కు, తోక దగ్గర పొరలు విడిపోతున్నాయేమో గోరు పెట్టి చూడాలి. బైండింగ్ పట్టుకుని గట్టిగా ఊపాలి, స్క్రూ కదిలితే లోపలికి నీళ్ళు పోయి చెక్క కుళ్ళి ఉండొచ్చు. అంచుల మీద పైపై తుప్పు పర్లేదు, రబ్బరు రాయితో పోతుంది. గుంటలు పడితే మాత్రం వద్దు.

బూట్లు మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

గొల్లపల్లి తంత్రి, బొబ్బిలి:
మంచు సంగతి నాకు తెలీదు నాయనా, చెక్క సంగతి చెప్తాను. మా ఇంట్లో వీణలు చేస్తారు. పనస మొద్దు ఎంత ఆరినా వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది. అదీ ముందు కోసిన మొనల నుంచి, వేసిన కన్నాల నుంచి. లోపల చెక్కే అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ స్క్రూ కన్నాలకి, తోక మొనకి పూత ఏమైనా ఉందా? లేకపోతే మన జూలై, ఆగస్టు గాలికి లోపల ఉబ్బుతుంది, పైనున్న ప్లాస్టిక్ ఉబ్బదు. అక్కడే విడిపోతుంది.

రాజాం పిల్ల, ఓస్లో:
సరిగ్గా పట్టుకున్నారు మాస్టారూ! ఎపాక్సీ వేసి స్క్రూ మళ్ళీ బిగిస్తే చాలు, అక్కడి అరాల్డైటే. తోక మొనకీ అదే రాయొచ్చు. ఎండాకాలం రెండూ కలిపి గట్టిగా కట్టెయ్యకండి, వంపు నొక్కుకుపోతుంది. మధ్యలో దిమ్మ పెట్టి కట్టడం పాత చెక్క స్కీల పద్ధతి, దీనికి అక్కర్లేదు. వదులుగా వేలాడదీస్తే చాలు. భోగాపురం వైపు ఉంటే అంచులకి కాస్త నూనె రాయండి, ఉప్పుగాలి వదలదు.

కోట జంక్షన్:
బూట్లు ఎందుకొద్దు? ఫొటోలో తోలు బాగుంది.

రాజాం పిల్ల, ఓస్లో:
తోలు బాగానే ఉంటుంది. మోసమంతా సోల్‌లో ఉంటుంది. పాలీయురెథేన్ సోల్ అయితే గాలిలో తేమకి లోపల్లోపలే విరిగిపోతుంది, దాన్ని హైడ్రాలసిస్ అంటారు. వాడకుండా అటక మీద పెట్టినా ఆగదు, మన ఊళ్ళ వేడికి ఇంకా తొందర. చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది, పది నిమిషాలు నడిస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. రబ్బరు సోల్ అయినా ముందుకి పొడుచుకొచ్చే బాతుముక్కు భాగంలో మూడు కన్నాలు అరిగి సాగి ఉంటాయి. బరువంతా ఆ మూడు పిన్నుల మీదే కదా. అది చిరిగితే సుబేదారు గారు చెప్పిన కథే.

మంచి విషయం ఏమిటంటే 75 మిల్లీమీటర్ల మూడు పిన్నుల బూట్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. పాత స్కీ, కొత్త బూట్లు పెట్టుకోండి. బైండింగ్ వెడల్పు 75 అని మాత్రం కొలిపించండి, ఒకప్పుడు 71, 79 కూడా ఉండేవి. అదే పాత సాలమన్ ఎస్‌ఎన్‌ఎస్ బీసీ బైండింగ్ ఉన్న జత అయితే నేనే వద్దనేదాన్ని. దానికి బూట్ల తయారీ ఆగిపోయింది.

సోంపేట సుబేదారు:
అమ్మాయి బాగా చెప్పింది. అయినా నా మాట మారదు. నార్వే అడవి వేరు, గుల్మార్గ్ పైనున్న అఫర్వత్ కొండ వేరు. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ వాళ్ళు పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే ఒక రష్యన్. మూడు పిన్నుల బైండింగ్ పడినప్పుడు కాలు వదలదు. చరియలో ఇరుక్కుంటే స్కీ లంగరులా కిందకి లాగుతుంది.

రాజాం పిల్ల, ఓస్లో:
బాబాయ్ గారూ, అన్న అఫర్వత్ ఎక్కుతానని ఎక్కడన్నాడు? అక్కడికైతే కొత్త యూరోపా 99 కూడా వద్దనే అంటాను. అది ఆ వాలుల స్కీ కాదు. 2,650 మీటర్ల దగ్గర గోల్ఫ్ మైదానం, చుట్టూ అడవి, తొక్కి గట్టిపడిన దారులు, వాటికే అది. అక్కడ 54 నడుము లోపలికి దిగదు.

సోంపేట సుబేదారు:
మొదటి రోజు అందరూ మైదానమే అంటారమ్మా. మూడో రోజు పైకి చూస్తారు.

పలాస జీడి:
ఈ మాటకి నేను సుబేదారు గారి పార్టీ.

రాజాం పిల్ల, ఓస్లో:
అది మనిషి గురించి, స్కీ గురించి కాదు! పైకి పోతే మాత్రం ట్రాన్స్‌సీవర్ (చరియ కింద పడ్డవాళ్ళని వెతికే రేడియో) సెకండ్ హ్యాండ్‌ది కొనొద్దు. మూడు యాంటెనాలున్న డిజిటల్‌ది, 457 కిలోహెర్ట్జ్‌ది, కొత్తది. పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) ఎలాగూ తప్పవు. అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. అన్నా, మీ బరువెంత?

కోట జంక్షన్:
62 కిలోలు. అమ్మకి చెప్పకండి, 65 అని చెప్పాను.

రాజాం పిల్ల, ఓస్లో:
అయితే 210 మీద నాకు అనుమానం. గట్టి నేల మీద రెండు స్కీల మీదా సమంగా నిలబడాలి, పాదం ఉన్నచోట స్కీకి, నేలకి మధ్య పెట్టిన కాగితం సులువుగా జరగాలి. ఒంటికాలి మీద బరువంతా వేస్తే ఆ కాగితం బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే స్కీ నడుము మంచుకి తగలదు, పట్టు కోసం అడుగున వ్యాక్స్ (మైనం) రాసినా ఎక్కేటప్పుడు వెనక్కి జారుతూనే ఉంటారు. మీ తమ్ముడు నిలబడితే లెక్కలోకి రాదు, మీ బరువున్న మనిషిని నిలబెట్టమనండి.

కోట జంక్షన్:
నిన్న చూసొచ్చాడు. కాంబర్ బాగుంది, స్క్రూలు గట్టిగా ఉన్నాయి. వాడి రూమ్మేట్ సరిగ్గా 62. ఒంటికాలి మీద నిలబడినా కాగితం జారిపోయిందట. కాబట్టి ఈ జత వద్దన్నాను. అదే అమ్మేవాడి దగ్గర 195 పొడవుది ఇంకొకటుంది, అడుగున చేప పొలుసుల గీతలున్నది. పట్టు కోసం వ్యాక్స్ అక్కర్లేదట. 450 క్రోన్లు, బూట్లు లేవు.

రాజాం పిల్ల, ఓస్లో:
గుల్మార్గ్‌లో పొద్దున గడ్డకట్టి మధ్యాహ్నానికి తడిసిపోతుంది. గంటకోసారి వ్యాక్స్ మార్చే ఓపిక లేనివాళ్ళకి పొలుసులే నయం. వేగం కొంచెం తగ్గుతుంది. అదే కాగితం పరీక్ష మళ్ళీ చేయించండి.

సోంపేట సుబేదారు:
కొనేవాడివి ఎలాగూ కొంటావు. సంచిలో పెద్ద స్టార్ స్క్రూడ్రైవరు, ఇనప తీగ, డక్ట్ టేపు, స్కీ ముక్కు విరిగితే తగిలించే విడి ముక్కు ఒకటి పెట్టుకో. విడి ముక్కు ఇక్కడ దొరకదు, తమ్ముణ్ణి అక్కడే కొనమను.