2009 స్విఫ్ట్‌కి హెడ్‌లైట్లు మార్చాలి, ఏ సెట్ తీసుకోమంటారు?

కనిగిరి_స్విఫ్ట్:
నాన్న కొన్న 2009 డీజిల్ బండి. అమ్మకి వారానికి రెండుసార్లు ఒంగోల్లో డయాలసిస్. అది అయ్యి బయల్దేరేసరికి చీకటి పడుతుంది. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు, పొదిలి దాటాక వెనక స్టిక్కర్ కూడా లేని ట్రాక్టర్ ట్రక్కులు. మొన్న ఒక ట్రక్కు దాదాపు మీదికి వచ్చేదాకా కనపడలేదు. అమ్మ వెనక సీట్లో ఉంది, ఇంటికి చేరేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

హెడ్‌లైట్ గ్లాసులు పసుపుపచ్చగా అయిపోయాయి. పోయినేడు ఒక షాపులో ఎల్ఈడీ బల్బులు వేయించాను. తెల్లగా బాగానే ఉంది గానీ, డిమ్‌లో ఉన్నా ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొట్టేవాడు. తీసేసి పాత బల్బులే పెట్టుకున్నా. ఇప్పుడు లూమాక్స్ కంపెనీ మామూలు సెట్ కొనాలా, ఆన్‌లైన్‌లో దొరికే ప్రొజెక్టర్ సెట్ (బల్బు ముందు గుండ్రటి లెన్సు ఉండేది) కొనాలా?

గుంటూరు_వ్యాగన్ఆర్:
ముందు పాలిష్ చేయించండి బ్రదర్. 800, 1500, 2000 వాటర్ పేపర్ వరసగా తడిపి రుద్దితే గ్లాసు తేటపడుతుంది. పైన ఎండకి తట్టుకునే యూవీ కోటింగ్ మాత్రం తప్పనిసరి, లేకపోతే కొన్ని నెలలకే మళ్లీ పసుపు.

ఆటో_ఎలక్ట్రిక్_పని:
తమ్ముడూ, పాలిష్ పైన గ్లాసుకే పనికొస్తుంది. బల్బు తీసి లోపలికి చూడు. రిఫ్లెక్టర్ వెండిపూత మాసిపోయి బూడిదరంగులో ఉంటే సెట్ మార్చాల్సిందే.

అయితే కొనేముందు ఇంకో పని. ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు వెనక కప్లర్ (వైరు ప్లగ్గు) దగ్గర ఒకసారి వోల్టేజి చూడు. అక్కడ 14 ఉండి ఇక్కడ 12 కూడా రాకపోతే జబ్బు వైరింగ్‌లో ఉన్నట్టు. నీ పాత బల్బు లాంటి హాలోజన్‌కి రెండు వోల్టులు తగ్గితే వెలుగు నలభై శాతం దాకా పడిపోతుంది. అలా ఉంటే ఎంత మంచి సెట్ వేసినా దండగే. బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకి కరెంటు ఇచ్చే రిలే వైరింగ్ కిట్ వేయించు, ఫ్యూజు ఉన్నదే తీసుకో.

ఎల్ఈడీ ఎందుకు కుదరలేదో నీ పాత హెచ్4 బల్బులోనే ఉంది. లోపల రెండు ఫిలమెంట్లు, డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొప్ప. ఆ దొప్ప ఉండబట్టే డిమ్ వెలుగు రిఫ్లెక్టర్ పై సగానికే తగిలి రోడ్డు మీదికి దిగుతుంది. రిఫ్లెక్టర్‌ని మలిచింది ఆ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి. ఎల్ఈడీ చిప్ ఆ చోటు నుంచి కాస్త అటూ ఇటూ అయితే వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

లూమాక్స్ మారుతికి సప్లై చేసే కంపెనీయే, అదే తీసుకో. బల్బు 60/55 వాట్లదే. 100/90 వేస్తే కప్లర్ కరిగిపోతుంది, నేను ఎన్నో మార్చాను.

ఆటోనగర్_స్పేర్స్:
ఆ ప్రొజెక్టర్ సెట్ గ్లాసు మీద వృత్తంలో ఇంగ్లిష్ ‘E’ గుర్తు (యూరప్ నిబంధనల ప్రకారం పాసైన లైటని చెప్పేది) ఉందేమో చూడండి. గుర్తు ఉంటే దాని దగ్గర బాణం కూడా వెతకండి. మీరు లైటుకి ఎదురుగా నిలబడితే బాణం మీ కుడివైపు చూపాలి. మన ఎడమ రోడ్డుకి చేసిన లైటు అదే. రెండువైపులా బాణం ఉంటే ఎక్కడైనా సరే. అసలు బాణం లేకపోతే కుడివైపు నడిచే దేశాల సరుకు, డిమ్‌లో కూడా ఎదురుబండి వైపే ఎక్కువ కొడుతుంది.

కనిగిరి_స్విఫ్ట్:
అన్నా, చూశాను. బ్యాటరీ దగ్గర 14.1, బల్బు దగ్గర 11.6! రిఫ్లెక్టర్ కూడా మాసిపోయింది. రిలే కిట్, లూమాక్స్ సెట్, మామూలు బల్బులు వేయించాను. గోడకి 5 మీటర్ల దూరంలో బండి పెట్టి, బల్బు ఎత్తుకి 5 సెంటీమీటర్లు కిందికి డిమ్ వెలుగు పై అంచు వచ్చేలా స్క్రూలు తిప్పాం. నిన్న రాత్రి పొదిలి దాటాక ఒక ట్రక్కు టైరు, నేను నిదానంగా బ్రేకు వేసుకునేంత దూరం నుంచే కనపడింది. ఒక్కరు కూడా డిప్పర్ కొట్టలేదు. అమ్మ దారంతా నిద్రపోయింది.

ఒక్క డౌటు. హెడ్‌లైట్ల వెనక రబ్బరు టోపీలు పాతవే పెట్టాడు, కొంచెం వదులుగా ఉన్నాయి.

ఆటో_ఎలక్ట్రిక్_పని:
ఇవాళే కొత్తవి వేయించు తమ్ముడూ. అటునుంచి తేమ, దుమ్ము వెళ్తే కొత్త రిఫ్లెక్టర్ కూడా అలాగే మాసిపోతుంది.