దక్కని గొర్రెకు మెథియోనిన్, గంధకం పెడితే బొచ్చు పెరుగుతుందా?

పాలమూరు మంద:
వాట్సాప్ గ్రూపులల్ల ఒకటే ప్రచారం. ఉన్నిల గంధకం ఉంటది కాబట్టి దాణాల గంధకం పొడి, మెథియోనిన్ (గంధకమున్న అమైనో ఆమ్లం, అంటే మాంసకృత్తులల్ల ఉండే ముక్క) కలిపితే బొచ్చు రెట్టింపు అయితదట. అడిగేది రెండే ముచ్చట్లు. గొర్రె కడుపుల పడ్డంక అది ఏమైతది? గొంగడి బొచ్చు కోసం దక్కని మంద మీద అంత ఖర్చు పెట్టుడు తగునా?

నాలుగు పొట్టలు:
ఉన్నిలో గంధకం ఉన్నమాట నిజం. బరువులో సుమారు 3 శాతం, దాదాపు అంతా సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోదే. అక్కడివరకే ఆ ప్రచారం సరైనది.

గొర్రె తిన్నది నేరుగా పేగుకు పోదు. ముందు పెద్ద పొట్టలో (రూమెన్) సూక్ష్మజీవుల పాలవుతుంది. అవి నూనె చెక్కలోని మాంసకృత్తుల్ని చాలావరకు అమ్మోనియాగా విరగ్గొడతాయి. విడిగా కలిపిన మెథియోనిన్‌నీ వదలవు, అందులోని గంధకాన్ని సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఆ అమ్మోనియా, ఆ సల్ఫైడ్, మేత పులిసినప్పుడు పుట్టే శక్తి, ఈ మూడింటితో తమ ఒళ్లు కట్టుకుంటాయి. తర్వాత అవే నాలుగో పొట్టకు, చిన్నపేగుకు కొట్టుకొచ్చి అరుగుతాయి. గొర్రెకు దక్కే మాంసకృత్తుల్లో పెద్ద వాటా ఇదే.

1960ల్లో ఆస్ట్రేలియాలో రీస్, షింకెల్ అనే శాస్త్రవేత్తలు సిస్టీన్‌ను, మెథియోనిన్‌ను గొట్టం ద్వారా నేరుగా నాలుగో పొట్టలోకి పంపారు. సన్న ఉన్నికి పేరున్న మెరినో జాతి గొర్రెల్లో ఉన్ని బాగా పెరిగింది. అదే మందు నోటి ద్వారా పెడితే ఆ ఫలితం రాదు, దారిలో పెద్ద పొట్ట తినేస్తుంది. వాట్సాప్‌లో తిరిగేది ఈ గొట్టం ప్రయోగం ఫలితమే, గొట్టం సంగతి మాత్రం ఎవరూ రాయరు.

అనంత జీవాలు:
మాస్టారూ, పొట్ట దాటే రకం కూడా ఉంది కదా. పైపూత వేసిన మెథియోనిన్ దొరుకుతుంది. ఫార్మాల్డిహైడ్ పట్టించిన కేసీన్ (పాలలోని మాంసకృత్తు) పెడితే ఉన్ని పెరుగుతుందని 1960ల్లోనే తేలింది. అంత దూరం ఎందుకు, వేరుశనగ చెక్క పెద్ద పొట్టలోనే చాలావరకు కరిగిపోతుంది, పత్తి చెక్క అంతకంటే ఎక్కువగా దాటుతుంది. నల్లతుమ్మ కాయల్లోని టానిన్లు (వగరు పదార్థాలు) కూడా మాంసకృత్తుల్ని పట్టుకుని కొంత దాటిస్తాయి. తుమ్మకాయలు మితిమీరితే అదే టానిన్ మేత అరుగుదలను చెడగొట్టి మలబద్ధకం తెస్తుంది, అది వేరే సంగతి. దాటించే దారి ఉన్నప్పుడు మెరినోలో పనిచేసింది దక్కనిలో ఎందుకు చేయదు?

కత్తెర:
చేయదు. లెక్క వేసి చూడండి. దక్కని గొర్రె ఏడాదికి ఇచ్చే బొచ్చు అర కిలో అటూఇటూ. మట్టీ జిడ్డూ పోను 400 గ్రాములు అనుకుందాం. రోజుకు 1.1 గ్రాము. అందులో సిస్టీన్ పదోవంతు, అంటే 110 మిల్లీగ్రాములు. ఏటా 4 కిలోల శుభ్రమైన ఉన్ని ఇచ్చే మెరినోకు రోజుకు 1.1 గ్రాముల సిస్టీన్ కావాలి. పది రెట్లు.

ఇప్పుడు రాబడి. 30 కిలోల గొర్రె రోజుకు 900 గ్రాముల ఎండు మేత సరిగ్గా తింటే, సూక్ష్మజీవుల ద్వారా పేగులో అరిగే అసలు మాంసకృత్తులు 40 గ్రాముల చుట్టూ ఉంటాయి. వాటిలో గంధకపు అమైనో ఆమ్లాలు గ్రామున్నర దాకా. మెరినోకు ఇది బొటాబొటి, అందుకే గొట్టంతో ఇచ్చినది నేరుగా ఉన్నిగా కనిపించింది. దక్కనికి బొచ్చు అవసరం ఆ రాబడిలో పదోవంతు కూడా కాదు. ఇక్కడ కొరత సరుకుది కాదు, మగ్గాలది.

మగ్గాలంటే చర్మంలోని రోమకూపాలు. మెరినోలో ఒక ప్రధాన కూపానికి 20 దాకా ఉప కూపాలుంటాయి, ముతక ఉన్ని జాతుల్లో రెండు మూడే. ఉప కూపాలు గర్భంలో చివరి రెండు నెలల్లో ఏర్పడతాయి. పుట్టిన గొర్రెకు దాణా పెట్టి కొత్త కూపాలు మొలిపించలేరు.

అనంత జీవాలు:
లెక్క బాగుంది, కానీ మీరు నిండు పొట్టకు వేశారు. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరులో గానీ మా దగ్గర గానీ ఏ మంద 900 గ్రాములు తింటోంది? ఎండు గడ్డి, జొన్న చొప్ప మోళ్లు అరకిలో. అందులో అరిగేది సగం లోపు. అప్పుడు ఆ 40 గ్రాములు 15కు పడిపోతాయి. పైగా సూడి గొర్రె అయితే కడుపులో పిల్ల ముందు లాక్కుంటుంది, పాలిచ్చేదైతే పొదుగు లాక్కుంటుంది. మిగిలిందే కూపానికి. పోగు సన్నబడేది, బొచ్చు ఊడేది అప్పుడే. గర్భంలో కూపాలు ఏర్పడతాయని మీరే అన్నారు. సూడి చివరి రెండు నెలల్లో తల్లి చిక్కిపోతే పిల్ల జీవితాంతం ఇచ్చే ఉన్ని తగ్గుతుంది, ముతకవుతుంది. మరి దాణాతో పనిలేదని ఎలా అంటారు?

కత్తెర:
దాణాతో పనిలేదని అనలేదు. మెథియోనిన్‌తో పనిలేదన్నాను. సూడి గొర్రెకు దాణా పెట్టేది పిల్ల కోసం, పాల కోసం. దానితో బొచ్చు కూడా బాగుపడితే సంతోషం. నల్ల ముతక బొచ్చుకు పలికే ధరతో దాణా ఖర్చు రాబట్టాలనుకుంటే మాత్రం ఏ లెక్కా కుదరదు.

నాలుగు పొట్టలు:
వేసవి విషయంలో అనంత గారి మాటే నాదీ. అప్పుడు కొరత సిస్టీన్ ఒక్కదానిది కాదు, సూక్ష్మజీవులకే తిండి లేదు. ముందు వాటిని మేపాలి. ఎండు చొప్ప మీదున్న 30 కిలోల గొర్రెకు:

యూరియా రోజుకు 8 గ్రాములు మించకుండా, జిప్సం (కాల్షియం సల్ఫేటు) 2 గ్రాములు, 100 నుంచి 150 గ్రాముల తవుడు లేదా నలగ్గొట్టిన జొన్నలు, కాస్త బెల్లం. నత్రజని 10 పాళ్లకు గంధకం 1 పాలు ఉండాలని నియమం. 8 గ్రాముల యూరియాలో నత్రజని 3.7 గ్రాములు, దానికి గంధకం 0.37 కావాలి, 2 గ్రాముల జిప్సంలో అంత ఉంటుంది. ఉత్త గంధకం పొడి పెద్ద పొట్టలో సరిగా కరగదు, సల్ఫేటు రూపమే మేలు.

2 గ్రాములతో మొదలుపెట్టి మూడు వారాల్లో 8కి చేర్చండి. నీళ్లలో కలిపి పెట్టకండి, ఆకలితో ఉన్న మందకు ఒక్కసారిగా వేయకండి. నాలుగు నెలల లోపు పిల్లలకు అసలు వద్దు, వాటి పెద్ద పొట్ట ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. అమ్మోనియా ఒక్కసారిగా రక్తంలోకి పోతే వణుకు, ఉబ్బరం, కొన్ని గంటల్లోనే చావు.

లేత పచ్చి జొన్న మేపేవాళ్లకు ఒక మాట. అందులోని సైనైడ్ విషాన్ని విరిచేందుకు ఒళ్లు గంధకాన్నే ఖర్చు పెడుతుంది. అక్కడ గంధకం కలిపిన ఉప్పు నిజంగా పనికొస్తుంది.

పాలమూరు మంద:
మంచిగ చెప్పిన్రు. ఇంకోటి. గంధకం పొడి పెట్టిన మందలల్ల నల్ల బొచ్చు ఎర్రగ, బూడిద రంగుల తేలుతున్నదని కొందరంటున్నరు. ఎండకు గూడ అట్లనే అయితది గదా?

నాలుగు పొట్టలు:
తేడా పట్టుకోవచ్చు. బొచ్చును వేళ్లతో చీల్చి చర్మం దాకా చూడండి. ఎండకు వెలిసేది కొసలే, మొదలు నల్లగానే ఉంటుంది. మధ్యలోనో మొదట్లోనో వెలిసిన పట్టీ ఉంటే రాగి లోపాన్ని అనుమానించాలి. గంధకం ఎక్కువైతే పెద్ద పొట్టలో సల్ఫైడ్ పెరిగి, మేతలోని మాలిబ్డినం అనే ఖనిజంతో కలిసి రాగిని కట్టిపడేస్తుంది. రాగి లేకపోతే నల్ల రంగు తయారవదు, పోగులోని గంధకపు ముడులూ సరిగా పడవు, వంపులు పోయి తీగలా సాగుతుంది. అంటే బొచ్చు కోసం పెట్టిన గంధకమే బొచ్చును చెడగొడుతుంది. మొత్తం మేతలో గంధకం 0.4 శాతం దాటితే మెదడు దెబ్బతిని గుడ్డిగా తిరిగి పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

అలాగని రాగి పొడి కొనకండి. గొర్రె కాలేయం రాగిని దాచుకుంటుంది, ఒక రోజు ఒక్కసారిగా వదులుతుంది, అప్పుడు నల్లటి మూత్రం పోసి చస్తుంది. ఆవులకు అమ్మే ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టకూడదనేది ఇందుకే. రక్తపరీక్ష చేయించాకే రాగి జోలికి పోవాలి.

కత్తెర:
బొచ్చు ఊడుతోందంటే సుబాబుల్ సంగతి కూడా చూడాలి. దాని ఆకులోని మిమోసిన్ అనే విషం రోమకూపంలో కణ విభజనను ఆపేస్తుంది. కత్తెర లేకుండా ఉన్ని ఊడదీయడానికి ఆస్ట్రేలియాలో దీన్ని పరీక్షించారు కూడా. దాన్ని, దాని నుంచి పుట్టే ఇంకో విషాన్ని పూర్తిగా విరిచే బ్యాక్టీరియా పెద్ద పొట్టలో ఉంటే నష్టం లేదు. అలవాటు లేని మందకు మూడో వంతు మేత మించి వేయకండి, కొంచెం కొంచెంగా పెంచండి.

అనంత జీవాలు:
కత్తెర గారు ఒప్పుకోరని తెలుసు, అందుకే కొలత చెబుతున్నా. ఒకే వయసు, ఒకే ఈతలో ఉన్న ఇరవై గొర్రెలు తీసుకోండి. పదికి మామూలు మేత, పదికి పైన చెప్పిన దాణా. పక్కటెముకల మధ్యభాగాన 10 సెంటీమీటర్ల చదరం చర్మం దాకా కత్తిరించండి. మేత మార్చిన తొలి నెల బొచ్చును లెక్కలోకి తీసుకోకండి, అది పాత తిండి బొచ్చు. నెల తర్వాత మళ్లీ నున్నగా కత్తిరించి, అక్కడి నుంచి 60 రోజులకు వచ్చింది సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి తూచండి. ఒక్కో చదరానికి గ్రాము చుట్టే వస్తుంది, కాబట్టి బంగారం తూచే కాటా కావాలి.

కత్తెర:
తూచండి. దాంతోపాటు ఆ ఇరవై గొర్రెల ఒంటి బరువూ రాయండి. బొచ్చు తేడా కంటే మాంసం తేడా ఎన్ని రెట్లు పెద్దదో అక్కడే కనబడుతుంది. గొంగడి నేసేవాళ్లకు కావలసింది ఎక్కువ బొచ్చు కాదు, మధ్యలో తెగని బొచ్చు. పోగును రెండు చేతులా పట్టి చటుక్కున లాగండి. ఎక్కడ తెగితే ఆ నెలలో గొర్రె పస్తున్నట్టు, లేదా జ్వరం పడ్డట్టు. ఆ నెల ఏదో తేల్చుకుని, దాణా ఆ నెలకు ముందే మొదలుపెట్టండి, ఏడాది పొడవునా కాదు.

పాలమూరు మంద:
మా దిక్కు గది మే నెలనే. గట్లయితే మార్చి ఆఖరుకు 2 గ్రాములతోని షురూ జేస్త, జిప్సం తోటి. మెథియోనిన్ డబ్బ బంద్.